పాఠం 4: ఫైలు మూసే ముందు అడగాల్సిన ప్రశ్న

సంఘటన వివరాలు రాసిపెట్టుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఇక కరెక్టివ్ యాక్షన్ సంగతి, అంటే జరిగిన తప్పు మళ్లీ జరగకుండా దాని మూల కారణాన్ని సరిచేయడం. సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 ప్రమాణం 2022 కూర్పులో ఇది 10.2 క్లాజు. చదవడానికి ఒక పేజీ కూడా ఉండదు గానీ, ఆ ప్రమాణానికి ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఒక నిజమైన ఘటన చూద్దాం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లోని డేటానే తుడిచేశారు. బ్యాకప్ కోసం వెతికితే అది ఖాళీ! డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్ తీసే టూల్ మాత్రం 9.2ది. అందుకని బ్యాకప్ ఫెయిలవుతూ వచ్చింది. ఆ కబురు చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పి కొట్టింది, కాబట్టి ఎవరికీ తెలియలేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటాకి నకలు) ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా మాత్రం పోయింది.

సరైన వెర్షన్ టూల్ పెట్టేస్తే ఆ రోజుకి పని అయిపోతుంది. అది కరెక్షన్. అక్కడితో ఆగకుండా, ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ పోవాలి. వాళ్లు అలాగే తవ్వారు. బ్యాకప్‌ను పరీక్షించే బాధ్యత ఎవరి మీదా లేదని తేలింది. దాన్ని దాచకుండా అందరి ముందూ పెట్టారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. వేలు తొందరపడిన ఇంజనీరు దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ సంగతి బయటికి వచ్చేదే కాదు.

ఇప్పుడు రాయడం. "ఇకపై జాగ్రత్తగా ఉంటాం", "సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చాం" అని రాస్తే ఏం మారిందో ఎవరూ చూపించలేరు. ఇలా రాయండి: "ప్రతి నెలా మొదటి వారంలో డేటాబేస్ అడ్మిన్ తాజా బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో రీస్టోర్ చేస్తారు (తిరిగి నింపి చూస్తారు). పట్టిన సమయాన్ని మనం పెట్టుకున్న గడువుతో పోల్చి నమోదు చేస్తారు." ఎవరు, ఎప్పుడు, ఏం చూసి సరే అనాలి, మూడూ అందులో ఉన్నాయి.

ఈ కరెక్టివ్ యాక్షన్ ఫైలు మూసే తేదీని మాత్రం కొంచెం ఆలస్యంగా పెట్టుకోండి. పని చేసిన రోజే మూసేస్తే అది ఫలించిందో లేదో తెలిసే వీలుండదు. కనీసం రెండు మూడు రీస్టోర్లు సవ్యంగా జరిగాక సంతకం పెట్టండి.

అభ్యాసం: మీ సంస్థలో ఇప్పటికే మూసేసిన ఒక ఫైలు తీయండి. "ఇది ఫలించిందని దేన్ని చూసి అన్నాం?" అని పక్కన రాసి, జవాబు వెతకండి. దొరక్కపోతే ఆ ఫైలు మళ్లీ తెరిచి, వచ్చే పాఠానికి దగ్గర పెట్టుకోండి. మేనేజ్‌మెంట్ రివ్యూకి (సంస్థ పెద్దలు జరిపే సమీక్షకి) ఏం తీసుకెళ్లాలో దానితోనే మొదలుపెడదాం.