స్నోషూ సైజుకీ బూటు సైజుకీ సంబంధం లేదు

స్నోషూ అంటే మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రం. అది కొనేటప్పుడు చూడాల్సింది మొత్తం బరువు. మీ బరువుకి చలిబట్టలు, బూట్లు, వీపు సంచి కూడా కలపండి. 25 అంగుళాల పొడవుది సుమారు 80–90 కిలోల వరకు, 30 అంగుళాలది 110 కిలోల వరకు మోస్తుంది. కంపెనీని బట్టి కాస్త తేడా ఉంటుంది. పిండిలాంటి కొత్త మంచులో నడవాలంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. పొదల మధ్య తిరిగేవాళ్లకి మాత్రం చిన్నదే నయం, పెద్దది అడుగడుగునా పొదలకి తగులుకుంటుంది.

తొడిగేటప్పుడు పాదం ముందుభాగం, అంటే వేళ్ల కింది ఉబ్బు, సరిగ్గా స్నోషూ మడత కీలు (మడమ పైకి లేచేలా తిరిగే చోటు) మీదికి రావాలి. బూటు మరీ ముందుకి జరిగితే అడుగు వేసినప్పుడల్లా దాని కొన స్నోషూ పలక అంచుకి కొట్టుకుంటుంది. బకిల్స్ కాలి బయటి వైపు ఉండాలి. పది నిమిషాలు నడిచాక పట్టీలు మళ్లీ బిగించండి, తప్పకుండా వదులవుతాయి.

వెచ్చని గదిలోంచి తెచ్చి వెంటనే తొడగొద్దు. వేడిమీదున్న అడుగు లోహపు పళ్లకి మంచు కరిగి అంటుకుని, మళ్లీ గడ్డకట్టి ముద్దవుతుంది, ఇక పట్టు దొరకదు. ముందు కాసేపు బయట చల్లారనివ్వండి. దారిలో ముద్ద కడితే చేతికర్రతో ఫ్రేమ్ పక్కన తట్టండి, రాలిపోతుంది.

వెనక్కి అడుగు వేయకండి. స్నోషూ తోక (వెనక కొస) మంచులో దిగబడి వెల్లకిలా పడతారు. చుట్టూ తిరిగే మళ్లండి.

గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ బకిల్ పుటుక్కున విరగొచ్చు. ఒక అదనపు పట్టీ, నాలుగు జిప్ టైలు జేబులో ఉంచుకోండి.