వార్మింట్ రైఫిల్‌లో చేతితో నింపిన తూటాలు: గురి తప్పినప్పుడు కారణం, పరిష్కారం

అమెరికాలోని సౌత్ డకోటా, వ్యోమింగ్, మోంటానా గడ్డి మైదానాల్లో ప్రెయిరీ డాగ్‌లను, పశువుల మందల చుట్టూ తిరిగే నక్కలాంటి కయోటీలను కొట్టడానికి వాడే తేలికపాటి కాలిబర్ రైఫిళ్ళను అక్కడివారు వార్మింట్ రైఫిళ్ళంటారు. .223 రెమింగ్టన్, .22-250 రెమింగ్టన్, .204 రూగర్ ఈ పనికి బాగా వాడుకలో ఉన్న తూటాలు. ఉడుత జాతికి చెందిన ప్రెయిరీ డాగ్ నిటారుగా నిలబడినా వెడల్పు మూడు నాలుగు అంగుళాలు మించదు. 100 గజాల వద్ద అంగుళం గ్రూపు (గుళ్ళు పడిన రంధ్రాల మధ్య గరిష్ఠ దూరం) వేసే రైఫిల్ 300 గజాల వద్ద, గాలి అసలే లేని రోజున కూడా, మూడు అంగుళాలకు పైగా చెదురుతుంది. జంతువు గాయంతో కలుగులోకి దూరి గంటల తరబడి బాధపడి చావకుండా, ఒక్క దెబ్బతో పోవాలంటే అందులో సగం గ్రూపు కావాలి. చాలామంది కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాల్లో (కేసుల్లో) తామే తుపాకీ మందు నింపుకోవడం మొదలుపెట్టేది దీనికోసమే.

ముందుగా చట్టం సంగతి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం కనుక ఇక్కడ రాసినది ఆంధ్ర, తెలంగాణ పాఠకులు ఇంట్లో ప్రయత్నించవలసిన పని కాదు. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. అయితే హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. మన తెలుగువాళ్ళలో ఈ నియమం తెలియకుండానే స్నేహితులతో తుపాకులు కాల్చే రేంజికి వెళ్ళేవారు ఉంటారు కాబట్టి ఇది మరీ గట్టిగా చెప్పాలి. రాష్ట్రాల చట్టాలు వేరు, వాటిని విడిగా చూసుకోవాలి.

మందు తూకాలు ఈ వ్యాసంలో ఇవ్వడం లేదు. వాటిని మందు తయారీదారు లేదా బుల్లెట్ తయారీదారు ప్రచురించిన మాన్యువల్ నుంచే తీసుకోవాలి, అందులో ఇచ్చిన ప్రారంభ తూకంతోనే మొదలుపెట్టాలి. ఇంకొకరి రైఫిల్‌లో బాగా పనిచేసిన తూకం మీ రైఫిల్‌లో ప్రమాదకరం కావచ్చు.

గ్రూపు ఒక రోజు అర అంగుళం, మరో రోజు అంగుళంన్నర

చాలాసార్లు ఇక్కడ తూటాలో లోపమే ఉండదు, కొలతలో ఉంటుంది. మూడు గుళ్ళ గ్రూపు చాలా చిన్న నమూనా. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే చేయి అయినా, లెక్క ప్రకారం ఐదు గుళ్ళ గ్రూపు సగటున మూడు గుళ్ళ గ్రూపు కంటే పావు వంతు పెద్దదిగా, పది గుళ్ళ గ్రూపు దాదాపు ఒకటిన్నర రెట్లు పెద్దదిగా వస్తుంది. అదృష్టం కలిసొచ్చి మూడు గుళ్ళు ఒకే రంధ్రంలో పడిన తూకాన్ని "దొరికింది" అనుకుని వంద తూటాలు నింపేసి, తరువాతి వారం నిరాశపడేవారు చాలామంది. ఒక్కో తూకానికి కనీసం రెండు ఐదు గుళ్ళ గ్రూపులు వేసి, రెంటినీ ఒకే గురి కేంద్రం మీద కలిపి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బాగాలేని గుండును "అది నా చేతి తప్పు" అని లెక్క నుంచి తీసేసే అలవాటు మాత్రం పూర్తిగా మానుకోవాలి.

అలా కొలిచినా గ్రూపు పెద్దదిగానే ఉంటే, కర్మాగారంలో తయారైన మంచి మ్యాచ్ తూటాలతో ఒకసారి కాల్చి చూడండి. అవీ చెదిరితే మందు, ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత), బుల్లెట్ జోలికి ఇంకా వెళ్ళవద్దు. స్కోపు బేస్ మరలు, రింగులు, యాక్షన్‌ను (తూటాను మూసే బోల్ట్ ఉండే లోహ భాగాన్ని) కర్రకు బిగించే మరలు వదులయ్యాయేమో టార్క్ రెంచ్‌తో పరీక్షించండి. ఒక కాగితపు ముక్కను బారెల్‌కూ కర్రకూ మధ్య దూర్చి యాక్షన్ వరకు లాగండి. ఎక్కడైనా పట్టేస్తే బారెల్ కర్రను తాకుతున్నట్టే. బారెల్ మూతి అంచున నొక్కు పడిందేమో భూతద్దంతో చూడండి. స్కోపులో తల కాస్త పక్కకు కదిలించినప్పుడు గురి గీత లక్ష్యం మీద జారుతుంటే ప్యారలాక్స్ సరిచేయాలి. ఈ పనులన్నిటికీ ఒక సాయంత్రం చాలు, అదే మందు మార్చుతూ పోతే నెలలు పడుతుంది.

100 గజాల వద్ద బాగుంది, 300 గజాల వద్ద నిలువుగా సాగిపోతోంది

ఇది వేగాల తేడాకు గుర్తు. .223లో 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువుకు వాడే చిన్న కొలత) బుల్లెట్ సెకనుకు 3,200 అడుగుల వేగంతో బయలుదేరుతుందనుకుందాం. రెండు తూటాల మధ్య వంద అడుగుల తేడా ఉంటే 100 గజాల వద్ద ఆ తేడా వల్ల వచ్చే ఎత్తుపల్లం అంగుళంలో పదో వంతుకు కాస్త ఎక్కువ, కనుక అది గ్రూపులో కలిసిపోయి కంటికి కనబడదు. అదే 300 గజాల వద్ద అంగుళం దాటుతుంది, అంటే ప్రెయిరీ డాగ్ వెడల్పులో మూడో వంతు. అందువల్ల దూరపు వేటకు తూటా తయారు చేసేవారు కాగితం మీది గ్రూపుతో పాటు క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) అంకెలను కూడా చూడాలి.

తేడాకు మొదటి కారణం తూకం. పొడవైన కడ్డీల్లాంటి గింజలున్న మందు, ఘనపరిమాణంతో కొలిచి పోసే వాల్యూమ్ మెజర్‌లో సమంగా పడదు, గింజ తెగినప్పుడల్లా చేతికి కరకరమని తెలుస్తుంది. సన్నటి గుండ్రటి గింజల మందు నీళ్ళలా జారి సమంగా పడుతుంది. కడ్డీ మందే వాడదలిస్తే ప్రతి తూటాకూ తూకం వేయాలి, తక్కెడను పరీక్ష తూనికరాయితో మధ్యమధ్యలో సరిచూడాలి. ఫ్యాను గాలి, దగ్గరలో పెట్టిన ఫోను ఎలక్ట్రానిక్ తక్కెడను తప్పుదారి పట్టించగలవు.

రెండో కారణం కేసు మెడ బుల్లెట్‌ను పట్టుకునే బిగువు. ఇత్తడి కాల్చినప్పుడు సాగి, కేసును పాత కొలతకు తెచ్చే సైజింగ్ డైలో మళ్ళీ నొక్కుకుపోయి, ప్రతి విడతకూ గట్టిపడుతుంది. గట్టిపడిన మెడ ఒక కేసులో ఒకలా, ఇంకో కేసులో మరోలా పట్టుకుంటుంది. బుల్లెట్ కూర్చోబెడుతున్నప్పుడు ప్రెస్ పిడి ఒకసారి సులువుగా, ఒకసారి బిగువుగా దిగుతుంటే దీన్ని అనుమానించాలి. కేసులను ఎన్నిసార్లు కాల్చారో దాన్నిబట్టి వేరు వేరు పెట్టెల్లో ఉంచి, మెడ భాగాన్ని మాత్రమే వేడిచేసి మెత్తబరిస్తే బిగువు మళ్ళీ సమమవుతుంది. కేసు అడుగు భాగానికి ఆ వేడి ఎన్నడూ తగలకూడదు, అక్కడి గట్టిదనమే మిమ్మల్ని కాపాడేది.

బుల్లెట్ కాగితాన్ని అడ్డంగా చీల్చింది, లేదా కాగితం దాకా రానే లేదు

రంధ్రం గుండ్రంగా కాక తాళం కన్నంలా పడితే బుల్లెట్ గాలిలో స్థిరపడలేదు. రైఫ్లింగ్ (బుల్లెట్‌ను తిప్పే, బారెల్ లోపలి మెలి గాళ్ళు) మెలిక దాని పొడవుకు చాలలేదన్నమాట. 1:12 మెలిక (12 అంగుళాలకు ఒక చుట్టు) ఉన్న పాత .223 రైఫిళ్ళకు 55 గ్రెయిన్ల బుల్లెట్లు బాగా పడతాయి, 77 గ్రెయిన్లవి తిరగబడతాయి. ఇక్కడ చూడవలసింది బరువు కంటే పొడవు. సీసం లేని పూర్తి రాగి బుల్లెట్ అదే బరువులో పొడుగ్గా ఉంటుంది కాబట్టి దానికి ఇంకా గట్టి మెలిక కావాలి.

బారెల్ మీద రాసిన అంకెను నమ్మకుండా కొలవడం తేలిక. రైఫిల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, సులువుగా తిరిగే పిడి ఉన్న శుభ్రపరిచే కడ్డీకి బిగువైన గుడ్డ చుట్టి బారెల్‌లోకి తోయాలి. కడ్డీ మీద టేపు అంటించి, అది పూర్తిగా ఒక చుట్టు తిరిగేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్ళిందో కొలిస్తే అదే మెలిక.

దీనికి పూర్తి విరుద్ధమైన సమస్య కూడా ఉంది. పైకవచం పలుచగా ఉన్న వార్మింట్ బుల్లెట్లు తగలగానే ముక్కలయ్యేలా తయారవుతాయి. సెకనుకు 3,500 అడుగుల వేగంతో 1:14 మెలికలో బుల్లెట్ నిమిషానికి 1,80,000 సార్లు తిరుగుతుంది, 1:7 మెలికలో అదే వేగానికి 3,60,000 సార్లు. ఆ తిరుగుడుకు కవచం చిరిగి, బుల్లెట్ గాలిలోనే పొడి అయిపోతుంది. లక్ష్యం ముందు సన్నటి బూడిదరంగు పొగ చార కనబడి కాగితం మీద ఏమీ లేకపోతే ఇదే కారణం. మందు తగ్గించవచ్చు గాని, నా అభిప్రాయంలో మందపాటి కవచం ఉన్న బుల్లెట్‌కు మారడమే సరైన దారి.

మొదటి గుళ్ళు ఒకచోట, తరువాతివి పక్కకు జరుగుతున్నాయి

సన్నటి బారెల్ వేడెక్కి వంగుతోంది, లేదా వేడెక్కాక కర్రను తాకుతోంది. చేయి పెట్టలేనంత వేడెక్కిన బారెల్‌తో ఏ తూటానూ పరీక్షించవద్దు. గుండుకు గుండుకు మధ్య సమయం ఇవ్వండి. ఎండలో బారెల్ మీది వేడి గాలి అలలు స్కోపులో లక్ష్యాన్ని కదిలిస్తాయి, ఉదయం వేళ కాలిస్తే అవి తక్కువ.

నాలుగు కలిసి, ఒకటి విడిగా

అప్పుడప్పుడే విడిపోయే గుండుకు కారణం సాధారణంగా ఆ ఒక్క తూటాలోనే ఉంటుంది. వేర్వేరు కంపెనీల కేసులు కలిసిపోయి ఉంటే లోపలి ఖాళీ తేడా వస్తుంది, అడుగున ముద్రించిన పేరు చూసి వేరుచేయండి. పొడవులు కూడా చూసుకోండి. .223 కేసు గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, కత్తిరించాల్సింది 1.750కి. బుల్లెట్ వంకరగా కూర్చుందేమో గేజ్ మీద తూటాను తిప్పి చూడవచ్చు.

బుల్లెట్ కూర్చున్న లోతు ఈ విషయంలో చాలా ముఖ్యం. తూటా మొత్తం పొడవును కొన నుంచి కొలిస్తే మోసపోతాం, ఎందుకంటే ప్లాస్టిక్ లేదా మెత్తటి సీసపు కొనలు ఒకే పెట్టెలో కూడా హెచ్చుతగ్గులుగా ఉంటాయి. రైఫ్లింగ్‌ను మొదట తాకేది బుల్లెట్ భుజం వంపు కనుక, కంపారేటర్‌తో అక్కడి నుంచి కొలవాలి. మందు తూకం మార్చకుండా లోతును మాత్రమే కొద్దికొద్దిగా మార్చి ఐదేసి గుళ్ళు కాలిస్తే, చాలా రైఫిళ్ళు ఏదో ఒక లోతు వద్ద స్పష్టంగా మెరుగుపడతాయి. బుల్లెట్ రైఫ్లింగ్‌ను తాకేలా పెడితే పీడనం పెరుగుతుంది, కాబట్టి ఆ లోతుకు తూకాన్ని మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాలి. ఒకేసారి తూకమూ లోతూ ప్రైమరూ మార్చినవారికి గ్రూపు బాగుపడినా దేనివల్ల బాగుపడిందో ఎన్నటికీ తెలియదు.

నిరుడు బాగున్న తూటా ఈ ఏడు బాగాలేదు

బారెల్‌లో రాగి, మసి పేరుకుని ఉండవచ్చు. రాగిని కరిగించే ద్రావకంతో తుడిచినప్పుడు గుడ్డ మీద నీలం రంగు దిగుతుంటే ఆ రంగు పోయేదాకా శుభ్రం చేయాలి (ఇత్తడి తొడుగు కడ్డీ కూడా గుడ్డను నీలం చేస్తుంది, అది గుర్తుంచుకోండి). కొత్త డబ్బా మందు వేరే లాట్‌ది అయితే, పేరు అదే అయినా తూకాన్ని మళ్ళీ కింది నుంచి పరీక్షించాలి. .22-250 వంటి వేగమైన తూటాలు బారెల్ గొంతును త్వరగా అరగదీస్తాయి. రైఫ్లింగ్ మొదలయ్యే చోటు ముందుకు జరిగిపోతుంది కనుక ఆ దూరాన్ని ఏడాదికొకసారి కొలిచి రాసుకోవడం మంచిది.

బోల్ట్ పైకి లేవడం కష్టమవుతోంది

ఇక్కడ గురి గురించి ఆలోచించడం ఆపాలి. బోల్ట్ బిగుసుకోవడం, ప్రైమర్ చదునై అంచుల్లోకి పాకడం లేదా దానికి రంధ్రం పడటం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) ముద్ర మెరుస్తూ కనబడటం, ఇవి అధిక పీడనపు గుర్తులు. ఆ విడత తూటాలలో ఇంకొకటి కూడా కాల్చవద్దు. చల్లటి ఉదయం బాగున్న తూకం, జూలై ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన పెట్టెలో చేయి కాలేంత వేడెక్కాక హద్దు దాటవచ్చు, కొన్ని మందులు వేడికి మరీ ఎక్కువగా స్పందిస్తాయి. తూటాలను నీడలో, మూత ఉన్న పెట్టెలో ఉంచాలి. మిగిలిన తూటాల బుల్లెట్లు పుల్లర్‌తో లాగి, తూకం తగ్గించి మళ్ళీ నింపాలి.

కేసు అడుగుకు కాస్త పైన మెరిసే గీత

సైజింగ్ డైలో కేసు భుజాన్ని మరీ వెనక్కి నెడుతున్నారు. కేసు ప్రతిసారీ సాగి ఆ గీత వద్ద పలుచనవుతోంది, ఒకరోజు అక్కడే రెండుగా తెగిపోయి వేడి వాయువు వెనక్కి చిమ్ముతుంది. సన్నటి తీగ చివర వంచి కేసు లోపల గోడ వెంట లాగితే, పలుచబడిన చోట గాడిలో పడ్డట్టు ఆగుతుంది. అలాంటి కేసులను నలిపి పారేయాలి. బోల్ట్ రైఫిల్‌కు భుజం అంగుళంలో వెయ్యోవంతు ఒకటి రెండు మాత్రమే వెనక్కి వెళ్ళేలా డైను సరిచేయాలి.

శబ్దం బలహీనంగా వచ్చింది, లేదా పేలనే లేదు

పేలకపోతే రైఫిల్ మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, ఆ తరువాతే బోల్ట్ తెరవాలి. శబ్దం టప్పుమని చిన్నగా వస్తే మందు పడని కేసు అయి ఉండవచ్చు, ప్రైమర్ తోసిన బుల్లెట్ బారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనుక ఇంకో గుండు పేలిస్తే బారెల్ పగులుతుంది. బోల్ట్ తీసి బారెల్ గుండా వెలుతురు కనబడుతుందో లేదో చూడాలి. ఇంటి దగ్గర, బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు కేసులన్నిటినీ ట్రేలో నిలబెట్టి టార్చి వెలుగులో మందు మట్టం ఒక్కొక్కదానిలో చూడాలి, బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి, పని అయ్యాక మెజర్‌లో మిగిలిన మందును అదే డబ్బాలోకి తిరిగి పోసి మూత బిగించాలి.