ఎన్నికల ఖాతా తెరిచి ఆన్‌లైన్‌లో చందాలు తీసుకోవడం ఎలా? హైదరాబాద్ అసెంబ్లీ అభ్యర్థులకు దరఖాస్తు విధానం

ప్రచారానికి జనం దగ్గర ఆన్‌లైన్‌లో చందా అడగడం కొత్తేమీ కాదు. 2019లో బిహార్‌లోని బెగూసరాయ్‌లో సీపీఐ అభ్యర్థి కన్హయ్య కుమార్ అప్పటి లోక్‌సభ ఖర్చు పరిమితి 70 లక్షలనూ ఇలాగే పోగుచేశారు. 2025 జనవరిలో ఢిల్లీలో అప్పటి ముఖ్యమంత్రి ఆతిశీ 40 లక్షల కోసం జనాన్ని అడిగారు. చందా అడగడానికంటూ విడిగా అనుమతి పత్రం ఏదీ లేదు. దరఖాస్తు పని ఉండేది బ్యాంకులో, రిటర్నింగ్ అధికారి దగ్గర, డబ్బు పెట్టి ప్రకటన వేస్తే ఎంసీఎంసీ (ఎన్నికల ప్రకటనలను ముందుగా పరిశీలించే కమిటీ) దగ్గర. డబ్బు రావడం తేలికే. వచ్చిన ప్రతి రూపాయికీ పేరు, చిరునామా చూపించడం దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు.

బ్యాంకు ఖాతా

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకోసమే కొత్త ఖాతా తెరవాలి. పాత సేవింగ్స్ ఖాతా పనికిరాదు. రాష్ట్రంలో ఏ బ్యాంకైనా సరే, సహకార బ్యాంకయినా పోస్టాఫీసయినా పర్వాలేదు. ఒక రోజు అనేది నిబంధన మాత్రమే. యూపీఐ పనిచేయాలంటే డెబిట్ కార్డు రావాలి, లేదా ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టుకోవాలి. దానికి ఖాతాకూ ఆధార్‌కూ ఒకే ఫోన్ నంబరు ఉండాలి. అందుకే వారం ముందే బ్యాంకుకు వెళ్లండి.

ఖాతా అభ్యర్థి ఒక్కరి పేరున గానీ, ఎన్నికల ఏజెంటుతో కలిపి జాయింటుగా గానీ ఉండొచ్చు. భార్య, అన్నదమ్ములు ఏజెంటు కాకపోతే వాళ్ల పేరు చేర్చకూడదు. జాయింటు ఖాతాలో ఇద్దరూ సంతకం పెట్టాలని రాయించుకుంటే సాధారణంగా యూపీఐ ఇవ్వరు. ‘ఇద్దరిలో ఎవరైనా’ అన్న పద్ధతి ఎంచుకోండి, లేదా ఒక్కరి పేరునే తెరవండి. చందాల వరకు ఒక్కరి పేరే మేలు.

రిటర్నింగ్ అధికారి దగ్గర

నామినేషన్‌తోపాటు ఖాతా నంబరు, బ్యాంకు, శాఖ వివరాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే నోటీసు వస్తుంది. ఫారం 26 అఫిడవిట్‌లో సోషల్ మీడియా ఖాతాల గడి కూడా ఉంటుంది. చందా అడిగే పేజీని అక్కడ మరచిపోకండి. ఖర్చు రిజిస్టరు కూడా ఇక్కడే ఇస్తారు. అందులో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ నగదుకు, పసుపు బ్యాంకు లావాదేవీలకు. ప్రచార సమయంలో కనీసం మూడుసార్లు దీన్ని తనిఖీకి తీసుకెళ్లాలి.

చందా వచ్చినప్పుడు

ఒక అభ్యర్థి బ్యాంకు స్టేట్‌మెంటు తెరిస్తే ఒక్కో చందాకు కనిపించేది తేదీ, 12 అంకెల లావాదేవీ నంబరు, సగంలో తెగిపోయిన పేరు, 200 రూపాయలు. అంతే. చిరునామా ఉండదు. ఫలితాల తర్వాత ఇచ్చే లెక్కలో షెడ్యూలు 9 కింద ఇతరుల నుంచి వచ్చిన చందా, అప్పు, బహుమతి అన్నీ ఇచ్చినవారి వివరాలతో రాయాలి. ప్రచారం అయ్యాక మూడు నాలుగొందల మందికి ఫోన్లు చేసి చిరునామా అడిగితే సగం మంది ఎత్తరు.

కాబట్టి క్యూఆర్ కోడ్‌ను ఒంటరిగా వాట్సాప్‌లో వదలకండి. ముందు ఒక చిన్న ఫారం, అది నింపాకే క్యూఆర్ కనిపించేలా పెట్టండి. ఫారంలో పూర్తి పేరు, పిన్‌కోడ్‌తో చిరునామా, ఫోన్, మొత్తం, లావాదేవీ నంబరు ఉండాలి. ‘నేను భారత పౌరుణ్ని, ఇది నా సొంత డబ్బు’ అని ఒక టిక్కు కూడా పెట్టండి. రోజూ రాత్రి స్టేట్‌మెంటునూ ఫారాలనూ లావాదేవీ నంబరుతో జతచేసుకోండి. జత దొరకని మొత్తాలకు మర్నాడే ఫోన్ చేయండి, దొరక్కపోతే వెనక్కి పంపేయండి.

అపార్ట్‌మెంటు గ్రూపుల విషయంలో జాగ్రత్త. ఒకరు అందరి దగ్గరా వసూలు చేసి 18,000 ఒకేసారి పంపుతారు. దాన్ని ఆయన ఒక్కరి చందాగా రాస్తే తప్పుడు లెక్క అవుతుంది. ఎవరిది వాళ్లనే పంపమనండి. డబ్బు అడుగుతూ యూపీఐ రిక్వెస్టు పంపే పద్ధతి వ్యక్తుల మధ్య 2025 అక్టోబరు 1 నుంచి ఆగిపోయింది, ఇక క్యూఆర్ గానీ యూపీఐ ఐడీ గానీ ఇవ్వడమే.

పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకుని మన ఖాతాకు చేర్చే సంస్థ) వాడితే అది రుసుము కోసుకుని మిగతాది జమ చేస్తుంది. 500 చందాకు 490 జమైతే రిజిస్టరులో 500 రాబడి, 10 ఖర్చు అని రాయాలి. 490 అని మాత్రమే రాస్తే దాత రసీదుతో కుదరదు.

నగదు ఇస్తామనేవాళ్లూ ఉంటారు. ఒక్కరి నుంచి మొత్తం ఎన్నికలకు 10,000 మించి నగదు తీసుకోకూడదు, ఒక్కరికి అంతకు మించి నగదుగా చెల్లించకూడదు. బస్తీ మీటింగులో పోగైన డబ్బును మర్నాడే ఖాతాలో వేసేయండి. ప్రచార వాహనంలో 50,000 మించి దొరికితే ఎన్నికల తనిఖీ బృందం (ఫ్లయింగ్ స్క్వాడ్) పట్టుకుంటుంది.

విదేశాల నుంచి

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. డాలస్‌లో ఉన్న ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఇస్తానంటాడు. అతని పాస్‌పోర్టు ఇంకా భారత్‌దే అయితే, సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు, పాస్‌పోర్టు నకలు దగ్గర పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే అతను విదేశీ మూలమే. అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోవడాన్ని విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) నిషేధించింది.

పన్ను

‘మీ చందాకు పన్ను మినహాయింపు’ అని పోస్టరు వేయకండి. ఆ మినహాయింపు రిజిస్టరైన పార్టీకో, పార్టీలకు విరాళాలు చేర్చే ఎలక్టోరల్ ట్రస్టుకో ఇస్తేనే, అదీ నగదు కాకుండా, పాత పన్ను విధానంలో ఉన్నవారికే. అభ్యర్థి ఖాతాకు ఇస్తే లేదు. పైగా బంధువులు కానివారి నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50,000 దాటితే ఆదాయం కింద లెక్కేస్తారు. ఖాతా తెరవకముందే ఆడిటరును కలవండి.

ప్రకటనలు, పాంప్లెట్లు

సొంత పేజీలో రాసుకునే పోస్టుకు అనుమతి అక్కర్లేదు. డబ్బు కట్టి ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో నడిపే చందా వీడియోకు ముందే ఎంసీఎంసీ ధ్రువీకరణ కావాలి. రిజిస్టరైన పార్టీలు, పోటీలో ఉన్న అభ్యర్థులు కనీసం 3 రోజుల ముందు, మిగతావారు 7 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి. వీడియో ప్రతులు రెండు, అందులోని మాటల రాతప్రతి, తయారీ ఖర్చు వివరాలు జతచేయాలి. క్యూఆర్ వేసిన పాంప్లెటుపై ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ఈ ఖర్చులన్నీ అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకున్న 40 లక్షల పరిమితిలోకే వస్తాయి.

చివరి లెక్క

నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకా లెక్కను, ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. 2025 జూబ్లీహిల్స్ ఉప ఎన్నికలో ఆ అధికారి జీహెచ్ఎంసీ కమిషనర్. నగరంలోనే ఉన్నా కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాకు, ఎల్బీనగర్, శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లాకు చెందుతాయి కాబట్టి అక్కడికే వెళ్లాలి. స్టేట్‌మెంటు నకలు, రిజిస్టరు, బిల్లులు, అఫిడవిట్ కావాలి. లెక్క మీద అభ్యర్థే సంతకం చేయాలి, ఏజెంటు సంతకం చెల్లదు. ఓడిపోయినవాళ్లకూ ఇది తప్పదు. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేటు పడొచ్చు. ఇచ్చిన రోజే ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఆ రసీదు చేతికొచ్చేదాకా ఖాతా మూసేయకండి.