ఇంగ్లీషు పలుకుబడి - 6వ పాఠం: కంఫర్టబుల్‌లో ఒక ముక్క ఎక్కువైంది

పోయిన పాఠంలో బుధవారం పని పట్టాం. వెడ్నెస్‌డేలో మధ్య ‘డ’ను మింగేసి ‘వెన్జ్‌డే’ అనడం ఈపాటికి నోటికి అలవాటై ఉంటుంది. ఇవాళ కూడా మింగే పనే, కాకపోతే కొంచెం చిక్కు ఎక్కువ.

మాట: కంఫర్టబుల్. మీరు మామూలుగా ఎలా అంటారో అలాగే పైకి అంటూ, ఒక్కో ముక్కకూ ఒక చిటికె వేయండి. కమ్-ఫర్-టే-బుల్. నాలుగు పడ్డాయి కదా? పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషే మాట్లాడేవాళ్ల నోట ఎక్కువగా మూడే పడతాయి: కమ్ఫ్-ట-బుల్. అమెరికాలో అయితే కమ్ఫ్-టర్-బుల్. స్పెల్లింగులో ‘ట’కు ముందున్న ‘ర’ అక్కడ ‘ట’ను దాటి వెనక్కి పోయింది చూడండి. మనం నవ్వుకోనక్కర్లేదు. తమిళంలో ‘ఉరల్’గా ఉన్న మాట మన దగ్గర ‘రోలు’ అయిందంటే అదీ ఇలాంటి గెంతే.

నాలుగు ముక్కలుగా పలకడం తప్పని అనను, నిఘంటువుల్లో అదీ కనిపిస్తుంది. తప్పల్లా ‘టే’ దగ్గరే. చివర ‘ఏబుల్’ కనిపించగానే మనం టేబుల్ వేసేస్తాం.

తెలుగులో ఏ అక్షరాన్నీ తక్కువ చేయం, రాసినదంతా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక ముక్క మీద బరువంతా వేసి మిగతావాటిని నలిపేస్తారు. ఇక్కడ బరువు ‘కమ్’ మీద. నలిగిన చోట్ల అచ్చు ఏదైనా సరే, బద్ధకంగా పలికిన ‘అ’లా మిగులుతుంది. దీన్ని ష్వా అంటారు.

ఇక నోటి పని. ‘కమ్’ తేలికే, ‘ఫ’ దగ్గరే జాగ్రత్త. ‘ఫలం’ అనేటప్పుడు పెదాలు రెండూ మూసి వదులుతాం. ఇక్కడ పెదాలు కలవవు. పైపళ్లు కింది పెదవి మీద ఆనించి గాలి వదలాలి. తర్వాత ‘ట’. ముందు ‘త’ అనండి, నాలుక పళ్లను తాకుతుంది. ‘ట’ అనండి, నాలుక వెనక్కి మడతపడుతుంది. ఈ రెంటికీ మధ్య, పైపళ్ల వెనకున్న చిగురు గట్టు మీద నాలుక కొన పెడితే ఇంగ్లీషు ‘ట’.

నేను బోల్తా పడింది ‘ఫ’కూ ‘ట’కూ మధ్యే. మూడు ముక్కలు వచ్చేశాయని మురిసిపోయి ఫోన్లో రికార్డు చేసుకుని వింటే, ‘కమ్ఫుటబుల్’ అని వినపడింది! చిటికెలు మళ్లీ నాలుగు. కార్‌ను కారు, బస్‌ను బస్సు చేసుకున్న నోరు కదా, దొరికిన చోటల్లా ఒక ‘ఉ’ తగిలిస్తుంది. దీనికి మందు: గొంతు మీద వేలు పెట్టుకోండి. ‘కమ్’ అన్నంతసేపూ వేలికి అదురు తెలుస్తుంది. ‘ఫ్ఫ్ఫ్’ అని గాలి వదలగానే అదురు ఆగాలి, ‘ట’ తర్వాతి అచ్చు వచ్చేదాకా మళ్లీ మొదలవకూడదు. మధ్యలో అదిరిందంటే ‘ఉ’ దూరినట్టే. మొదట గాలిని బాగా సాగదీసి, తర్వాత్తర్వాత కుదించండి. నాకు రెండు రోజులు పట్టింది.

చివరి ‘బుల్’లో ‘ఉ’ను కూడా ఒత్తకండి. ‘బ’ విడిచీ విడవకముందే నాలుక ‘ల’కు చేరిపోవాలి.

ఒక మెలిక ఉంది. ఉత్త కంఫర్ట్‌లో ఏమీ మింగకూడదు, అది నిక్కచ్చిగా రెండు ముక్కలు: కమ్-ఫట్. అమెరికాలో కమ్-ఫర్ట్. కొత్త అలవాటు ఊపులో దాన్నీ కుదించేయకండి.

ఇంటిపని: అన్‌కంఫర్టబుల్ రికార్డు చేసి వినండి. ముందు ‘అన్’ వచ్చి చేరినా ప్రధానమైన బరువు ‘కమ్’ను వదలదు. అది కుదిరాక వెజిటబుల్‌కు మీరే చిటికెలు వేసి చూడండి, ఎన్ని పడాలో 7వ పాఠంలో చెప్తాను.