వీఆర్ గేమ్ మోడ్‌లో వల విసిరే సైగ: ఎలా చేయాలి?

కళింగపట్నం ఒడ్డున విసురువల వేసేవాళ్లను కాసేపు చూడండి. నడుం తిప్పి వలను వెనక్కి తీసుకుంటారు, ఒక్క ఊపున ముందుకు తెస్తారు, వదులుతారు. ఆ కదలికనే, హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వీఆర్ గేమ్‌లో సైగగా పెడదాం, మోడ్ రూపంలో, అంటే తయారైన గేమ్‌కు మనం బయటి నుంచి చేర్చే మార్పుగా. బటన్ నొక్కించి దానికి సైగ అని పేరు పెట్టే మోడ్‌లు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

సరంజామా చిన్నదే: యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో తయారైన, ఒక్కరే ఆడే వీఆర్ గేమ్, మోడ్‌ను గేమ్‌లోకి ఎక్కించే బెపిన్‌ఎక్స్, సీ షార్ప్ భాషలో కోడ్ రాసుకోవడానికి ఒక ఎడిటర్. ఆన్‌లైన్ పోటీ గేమ్‌ల జోలికి వెళ్లకండి, ఖాతా పోతుంది. గేమ్ ఫోల్డర్‌లో గేమ్‌అసెంబ్లీ అనే డీఎల్ఎల్ (కోడ్ ఉండే ఫైల్) కనిపిస్తే బెపిన్‌ఎక్స్ 6 కావాలి. లేకపోతే 5 చాలు. బెపిన్‌ఎక్స్ పెట్టాక ఒకసారి గేమ్ తెరిచి మూసి, మీ కోడ్‌తో తయారైన డీఎల్ఎల్‌ను దాని ప్లగిన్స్ ఫోల్డర్‌లో వేయండి. బెపిన్‌ఎక్స్ రాసే లాగ్‌లో (చిట్టాలో) మీ డీఎల్ఎల్ పేరు వచ్చిందంటే ఈ పని అయిపోయినట్టే.

ఉత్త చేతులతో ఆడించాలని సరదా పడొద్దు. వీఆర్ పరికరాలకు ఉమ్మడి ప్రమాణమైన ఓపెన్‌ఎక్స్ఆర్ ఒక్కో చేతికి 26 కీళ్ల స్థానాలు ఇస్తుంది, నిజమే. కానీ ఈ సైగలో సగం వీపు వెనకే జరుగుతుంది, అక్కడికి హెడ్‌సెట్ కెమెరా చూపు ఆనదు. కంట్రోలర్‌లో కదలిక సెన్సార్ ఉంటుంది కాబట్టి, కెమెరాకు కనబడకపోయినా కాసేపు లెక్క నిలబడుతుంది. కంట్రోలరే వాడాలి.

అసలు చిక్కంతా సైగ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని తేల్చడంలో ఉంది. దాదాపు అందరూ బోల్తా పడేది ఇక్కడే.

చేతి స్థానాన్ని గేమ్ ప్రపంచంలో కొలవకండి. ఆటగాడు జాయ్‌స్టిక్‌తో పరుగెత్తితే ఆ వేగం కూడా చేతి వేగంలో కలిసిపోయి, చెయ్యి ఊపకుండానే వల పడుతుంది. తల, చెయ్యి రెండింటినీ ట్రాకింగ్ స్పేస్‌లోనే, అంటే ఆటగాడు నిలబడ్డ అసలు గది కొలతల్లోనే తీసుకుని, తలకు చెయ్యి ఎంత దూరంలో ఉందో చూడండి.

‘ముందు’ అంటే ఏ దిక్కో తల నుంచే తీసుకోవాలి. అయితే పైకీ కిందికీ వంగిన కోణాన్ని తీసేసి, పక్కలకు తిరిగిన కోణం మాత్రమే ఉంచాలి. లేదంటే ఆటగాడు నేల చూసినప్పుడు ‘ముందు’ కాస్తా ‘కింద’ అయిపోతుంది. ఆ దిక్కును సైగ మొదలైన క్షణంలోనే పట్టి ఉంచేయండి. విసిరేటప్పుడు నడుంతో పాటు తలా తిరుగుతుంది, దాంతో మధ్యలో లెక్క తప్పుతుంది.

తర్వాత వేగం. ఒకే గీత (హద్దు) పెడితే, చెయ్యి ఆ గీత దగ్గర వణికినప్పుడల్లా సైగ మొదలై ఆగిపోతుంది, ఒక్క విసురుకు మూడు వలలు పడతాయి. రెండు గీతలు పెట్టండి: సెకనుకు 1.5 మీటర్లు దాటితే మొదలు, 0.6 కంటే తగ్గితే ముగింపు. మొదలయ్యేముందు చెయ్యి తలకంటే కనీసం 15 సెంటీమీటర్లు వెనక ఉండి ఉండాలి. ఈ ఒక్క షరతుతో తల గోక్కోవడం, కళ్లజోడు సర్దుకోవడం లాంటివన్నీ పక్కకు పోతాయి. వల పడ్డాక 0.4 సెకన్లు ఇంకో సైగ తీసుకోకండి.

కాలాన్ని ఫ్రేమ్‌లలో (తెరపై ఒకదాని వెనక ఒకటి మారే బొమ్మల్లో) లెక్కపెట్టకండి. 72 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 72 ఫ్రేమ్‌లు వచ్చేచోట, ఒక ఫ్రేమ్ సుమారు 13.9 మిల్లీసెకన్లు, 90లో 11.1. మీ హెడ్‌సెట్‌లో చక్కగా పనిచేసింది పక్కింటి హెడ్‌సెట్‌లో మొరాయిస్తుంది. వదిలిన క్షణపు వేగాన్ని కూడా నమ్మొద్దు, అప్పటికే చెయ్యి నెమ్మదిస్తుంది. చివరి 100 మిల్లీసెకన్లలో వచ్చిన గరిష్ఠ వేగమే విసురు బలం.

ఇంత చిన్న పనికి మెషీన్ లెర్నింగ్ తెచ్చేవాళ్లున్నారు. వందల నమూనాలు పోగేస్తారు, తీరా వల పడకపోతే ఎందుకు పడలేదో చెప్పలేరు. నాలుగు అంకెలతో రాసిన షరతు అయితే లాగ్ చూడగానే తప్పు దొరుకుతుంది.

పరీక్ష మీ చేతితో మాత్రమే సరిపెట్టకండి. పదేళ్ల గుంటడికీ ఆరడుగుల మనిషికీ చెయ్యి పొడవు ఒకటి కాదు. మొదట్లోనే చెయ్యి ముందుకు చాపించి ఆ దూరం కొలవండి, దూరం గీతనూ వేగం గీతలనూ దాన్నిబట్టి పెంచండి, తగ్గించండి. ఎడమచేతివాళ్లనూ పిలవండి. గది పైకప్పు తక్కువగా ఉంటే సీలింగ్ ఫ్యాన్ ఆపాకే హెడ్‌సెట్ పెట్టించండి.