నెలల తరబడి ప్రయాణంలో ల్యాప్‌టాప్‌ను కాపాడుకోవడం ఎలా?

పల్లెల్లో సర్వే కోసమో, అలంపూర్, పానగల్లు గుడుల శిల్పాలను ఫొటోలు తీయడానికో పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నెలల తరబడి తిరిగేవారికి ల్యాప్‌టాప్ పోవడం కన్నా అందులోని పని పోవడమే పెద్ద నష్టం. ఊరూరా కూర్చుని రాసుకున్న వివరాలను ఏ దుకాణంలోనూ కొనలేం. కాబట్టి ముందు వాటి సంగతి చూడండి.

1. డిస్కుకు తాళం వేయండి

లాగిన్ పాస్‌వర్డ్ ఉందన్న ధీమా వద్దు. డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే అది అడ్డుపడదు. డిస్కు మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయాలి, అంటే పాస్‌వర్డ్ లేనివారు చదవలేని రూపంలోకి మార్చాలి. ఇందుకు విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉంటాయి. మామూలుగా తెరుచుకోనప్పుడు డిస్కును తెరవడానికి బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. దాన్ని కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా ఉంచండి. ల్యాప్‌టాప్ సంచిలోనే పెడితే తలుపుకు తాళం వేసి చెవిని గొళ్లేనికి వేలాడదీసినట్టే. సీరియల్ నంబరు, కొన్న బిల్లు ఫొటో తీసి మీ ఈమెయిలుకు పంపుకోండి.

2. ప్రతి రాత్రీ కాపీ తీయండి

ఇంటర్నెట్‌లో దాచుకునే క్లౌడ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే చాలాచోట్ల సిగ్నలే ఉండదు. విడిగా తగిలించుకునే చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు ఒకటి కొని దాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయండి. ఆ రోజు పని అందులోకి ఎక్కాకే నిద్రపోండి. ఎస్‌ఎస్‌డీ, ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఒకే సంచిలో ఉండకూడదు. ఈ ఒక్క నియమాన్ని మాత్రం ఎంత అలసటలోనూ సడలించవద్దు.

3. బస్సులో ఒడి దిగనివ్వకండి

పెద్ద బ్యాగు డిక్కీలోకి వెళ్లవచ్చు, ల్యాప్‌టాప్ వెళ్లకూడదు. తలపైన లగేజి అరలోనూ వద్దు. నిద్ర వస్తే సంచి పట్టీని చేతికి చుట్టుకోండి. టీ కోసం పది నిమిషాలు ఆగినా అది మీతోపాటే దిగాలి. కంపెనీ పేరున్న ల్యాప్‌టాప్ బ్యాగు కన్నా మామూలు కాలేజీ సంచి మేలు. ఎవరి కళ్లూ దానిమీద పడవు.

4. ఎండ నుంచి తప్పించండి

చాలా కంపెనీలు 35 డిగ్రీలు దాటిన చోట ల్యాప్‌టాప్ వాడవద్దంటాయి. మే నెలలో నల్లగొండలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. మూసి ఉన్న కారులో ఇంకా ఎక్కువ. ఆ వేడికి బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. కాబట్టి పని తెల్లవారుజామునో, రాత్రో పెట్టుకోండి. ప్రయాణంలో స్లీప్‌లో కాక పూర్తిగా ఆపి సంచిలో పెట్టండి. లోపల వేడెక్కదు, ఎన్‌క్రిప్షన్ రక్షణా పూర్తిగా ఉంటుంది. ఉరుములు మొదలైతే ఛార్జర్ ప్లగ్గు తీసేయండి.

5. లాడ్జిలో, గుడి దగ్గర

గదిలో వదలక తప్పకపోతే పెద్ద బ్యాగులో బట్టల మధ్య పెట్టి తాళం వేయండి. సంచిని లోపలికి రానివ్వని గుడికి ఇద్దరు వెళ్తే వంతులవారీగా దర్శనం చేసుకోవడమే మంచిది.

6. పోయిందని తెలిసిన వెంటనే

ముందు ఫోన్ నుంచి ఈమెయిలు పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్లు మార్చండి. దొంగతనమైతే 112కు, రైల్లో అయితే 139కి ఫోన్ చేయండి. పోలీసు ఫిర్యాదులో సీరియల్ నంబరు రాయించి, కాపీ తీసుకోండి. బస్సులో మరిచిపోయి ఉంటే టికెట్టు మీద డిపో పేరు ఉంటుంది, నేరుగా అక్కడికే ఫోన్ చేయవచ్చు. అందుకే బస్సు దిగగానే టికెట్టు పారేయకండి.