కోకిల గడియారం మరమ్మతు – నాలుగో పాఠం: ముల్లు ఆగిన చోటే ఆచూకీ

పోయిన పాఠంలో గడియారాన్ని గోడ మీంచి దించేముందు గొలుసులు జారిపోకుండా తీగతో ఎట్లా కట్టాలో నేర్చుకున్నాం. ఈసారి దించే పని లేదు, స్క్రూడ్రైవర్ అసలే వద్దు. కళ్లు, చెవులు, ఒక పెన్సిలు చాలు. గడియారం ఆగిందనగానే లోలకాన్ని ఊపి, ముల్లు తిప్పి సరిచేయాలని చేయి పోతుంది. ఆగండి. ముందు రెండు ముళ్లు ఎక్కడ నిలబడ్డాయో కాగితం మీద రాసుకోండి. ముల్లు తిప్పేస్తే గడియారం తనంతట తాను చెప్పిన సాక్ష్యం పోతుంది. దాని తర్వాత మిగిలేది ఊహే.

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ నుంచి వచ్చే ఈ గడియారాల్లో రెండు చక్రాల వరుసలు వేరువేరుగా ఉంటాయి. ఒకటి ముళ్లను నడుపుతుంది, రెండోది కోకిలను కూయిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో గొలుసు, దాన్ని బరువుతో కిందికి లాగే ఒక్కో గుండు. మూడో గుండు ఉంటే అది పాటపెట్టెది. కూసేటప్పుడు ఏ గుండు కిందికి జారుతుందో చూసి గుర్తు పెట్టుకోండి. గంటలకు 156, అరగంటలకు 24, మొత్తం రోజుకు 180 సార్లు కోకిల కూయాలి. అందుకే కూత వైపు అరుగుదల తక్కువేం ఉండదు.

ఇక ఆగడం సంగతి. ఊపిన కొద్ది నిమిషాలకే, ఏ అంకె దగ్గరైనా సరే ఆగిపోతుంటే మిషన్‌ను అనుమానించకండి, గోడను అనుమానించండి. పాలమూరు వైపు పాత ఇండ్ల రాతి గోడలు, మట్టి గోడలు చదునుగా ఉండవు. గడియారం వీపు ఒకచోట ఎత్తుగా ఆనితే లోలకం వెనక గోడకో, పెట్టె అంచుకో రాసుకుంటుంది. అది లేదనుకుంటే చెవి పెట్టి వినండి. టిక్‌కూ టాక్‌కూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. ‘టిక్‌టాక్... టిక్‌టాక్’ అని కుంటుతూ వినిపిస్తే నడక కుదరలేదన్నమాట. పెట్టె అడుగు భాగాన్ని వేలెడు ఎడమకు జరిపి వినండి, తర్వాత కుడికి. ఎటు జరిపితే శబ్దం సమమైతే అటే ఉంచి, పెట్టె అంచు వెంట గోడ మీద పెన్సిలుతో గీత గీయండి. దుమ్ము తుడిచేటప్పుడు పెట్టె కదిలితే ఆ గీతే దారి చూపిస్తుంది. గడియారం గోడ మీద వంకరగా కనిపించినా నడక ముఖ్యం. చూపుకు నిటారుగా కావాలంటే లోపల లోలకాన్ని తోసే తీగను కొద్దిగా వంచాలి, అది తర్వాతి పాఠాల పని. నా లెక్కన ఇంటికొచ్చిన కొత్త గడియారం ఆగిందంటే, విప్పే ఆలోచన రాకముందు ఈ వినికిడి పరీక్ష ఓపిగ్గా చేయాలి.

ముల్లు 1:05, 2:11, 3:16, 4:22 లాంటి చోట ఆగిందా? ఇవి రెండు ముళ్లు ఒకదాని మీద ఒకటి వచ్చే సమయాలు. అంటే ముళ్లు తగులుకుంటున్నాయి. గంటల ముల్లును వేలితో మెల్లగా డయల్ వైపు నొక్కండి, కానీ డయల్‌కు అంటుకోవద్దు. మధ్య నట్‌ను మరీ బిగిస్తే కూడా ముళ్లు బిగుసుకుంటాయి.

అన్నిటికంటే ఎక్కువ తెలివి కావాల్సింది గంటకో అరగంటకో కొద్ది నిమిషాల ముందు ఆగే గడియారం దగ్గర. ఆ సమయంలో ముళ్లను నడిపే వరుస మీద అదనపు పని పడుతుంది. కూతకు తాళం తీసే లీవర్‌ను అది మెల్లమెల్లగా పైకెత్తాలి. గడువుకు ముందు ‘టక్’ మని చిన్న చప్పుడు, చక్రాలు కొంచెం కదిలి ఆగడం మీరు విన్నే ఉంటారు. కూతకు సిద్ధం కావడమంటే అదే. ఆరోగ్యమైన మిషన్‌కు ఇది భారం కాదు. నూనె ఎండి, మురికి పట్టిన మిషన్ మాత్రం సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. అట్లాంటప్పుడు ముళ్ల వైపు గుండుకు చిన్న బరువు తాత్కాలికంగా కట్టి చూడండి. దాంతో నడిచిందంటే లోపల రాపిడి ఉన్నట్టు రుజువైంది, బరువు వెంటనే తీసేయండి. అట్లనే వదిలేస్తే ఇరుసులు తిరిగే రంధ్రాలు త్వరగా అరిగి కోలగా అవుతాయి. గుండు అసలు దానిదేనా అన్నది కూడా చూడాలి. రోజుకోసారి గుండు పైకి లాగాల్సిన ఒక్కరోజు గడియారాలకు మామూలుగా 275 లేదా 320 గ్రాములు, ఎనిమిది రోజుల వాటికి 1000 నుంచి 1500 గ్రాముల దాకా ఉంటుంది. ఎవరో మార్చి తగిలించిన తేలిక గుండు మిషన్‌ను రోగిలా కనిపించేలా చేస్తుంది.

రాపిడి అనగానే కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయాలనిపిస్తుంది. వద్దు. కొబ్బరినూనె జిగురైపోతుంది. గ్యాసునూనె పైనుంచి చల్లడం ఇంకా చెడ్డ పని: మురికి ఇరుసుల రంధ్రాల్లోకి దిగుతుంది, కోకిల గొంతుకు గాలి ఊదే తిత్తుల కాగితం పాడవుతుంది. గడియారాల నూనె, అదీ ఇరుసుకు సూది మొనంత. చక్రాల పళ్లకు, గొలుసుకు ఒక్క చుక్క కూడా వద్దు, దుమ్ము పట్టి రాతిపొడిలా నూరుతుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల పక్కన ఇండ్లవాళ్లు ఈ మాట మరీ గట్టిగా పట్టుకోవాలి.

ఇంకో ఆగుడు ఉంది, విచిత్రంగా కనిపిస్తుంది. మిగతా పొద్దంతా బాగా నడిచి, పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య ఆగుతుంది. కూత వైపు గుండు నేలకు ఆనిందేమో చూడండి. ఎన్నిసార్లు కూయాలో ఆ లెక్కను పళ్లున్న చిన్న కమ్మీతో కొలిచే గడియారాల్లో కూత నడవకపోతే ఆ కమ్మీ కింద పడే ఉంటుంది. పన్నెండు దాటాక, కమ్మీ ఏ గంటకు ఎంత దిగాలో చెప్పే మెట్లమెట్ల చక్రం మళ్లీ ఎత్తు మెట్టుకు వచ్చే చోట దానికి అడ్డం తగులుతుంది. కూత గుండు పైకి లాగి, కూయనిస్తే చాలు, గడియారం కదులుతుంది.

కూత వైపుకు వద్దాం. కోకిల బయటికి రావట్లేదంటే, ముందు పక్కనుండే రాత్రి మౌనం లీవర్ చూడండి. పిల్లలు తిప్పి మరచిపోతారు. తర్వాత చిన్న తలుపు. దానికి కట్టిన తీగ కొక్కెం ఊడిందా, తలుపు తేమకు ఉబ్బి బిగుసుకుందా? ఎండాకాలంలో కూలర్‌కు ఎదురుగా పెట్టిన గడియారాలకు ఈ జబ్బు రావచ్చు, తడిగాలి కొయ్యకు మంచిది కాదు.

కోకిల వస్తుంది కానీ గొంతు లేదంటే తిత్తుల పని. రెండు తిత్తులు, రెండు గొట్టాలు: ఒకటి పై స్వరం, ఇంకోటి కింది స్వరం. ‘కు’ వినిపించి ‘కూ’ వినిపించకుంటే రెండో తిత్తి మాత్రమే చెడ్డట్టు. పక్క పలక తీసి, తిత్తి మూతను వేలితో ఎత్తి వదలండి. గాలి ఊరికే పోతే కాగితం చిరిగింది. కాగితం బాగుండి కూడా శబ్దం రాకుంటే గొట్టం నోరు చూడండి. మన దగ్గర కుమ్మరిపురుగుకు ఇట్లాంటి సందు దొరికితే మట్టి గూడు కట్టకుండా ఉండదు. పుల్లతో బలంగా పొడవకండి, ఆ నోటి అంచు దెబ్బతింటే స్వరం తిరిగి రాదు.

ఆగకుండా కూస్తూనే ఉంటే మొదట కూత గుండు తీసేయండి. తాళం లీవర్ దాని గాడిలో పడట్లేదు, లేదా మౌనం లీవర్ తీగ దానికి రాసుకుంటోంది.

ఐదుకు ఏడు, ఆరుకు ఎనిమిది, ప్రతిసారీ రెండే ఎక్కువ కూస్తుంటే మిషన్ చెడలేదు. నిమిషాల ముల్లును పన్నెండు దగ్గరకు తెచ్చి కూయనివ్వండి. ఎన్ని కూసిందో ఆ అంకె మీదకు గంటల ముల్లును మాత్రమే తిప్పండి. తర్వాత నిమిషాల ముల్లును ముందుకే తిప్పుతూ, ప్రతి గంటకూ అరగంటకూ ఆగి కూయనిస్తూ సరైన సమయానికి తేవాలి. పాత గడియారాల్లో వెనక్కి తిప్పితే లీవర్లు వంగుతాయి. తప్పు లెక్క ఒకసారి రెండు, ఇంకోసారి నాలుగు అని మారుతుంటే మాత్రం మిషన్ విప్పాల్సిందే.

వచ్చే పాఠం తిత్తికి కొత్త కాగితం అంటించడం. ఈ లోపు నిమిషాల ముల్లును మెల్లగా పన్నెండు గంటల చుట్టూ తిప్పి, ఎక్కడ చేతికి బరువు తగిలిందో, ఎక్కడ ఎన్ని కూసిందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని గడియారం వెనక తలుపు లోపల పెట్టండి.